పెనం మీద కడియం

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో లేదని గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతోనే మార్కాపురంలో మా మేనత్త కాలి వెండి కడియం పాడు చేశాను. అంతకంటే పెద్ద తప్పు, వెండి అతికే ఒక పెద్దమనిషిని ఆయన దుకాణంలోనే నలుగురి ముందు చులకన చేశాను. ముందే ఒప్పుకుంటే కొంత బరువు తగ్గుతుంది.

ఎంటెక్ చదువుతూ సెలవులకు వచ్చాను. మా ల్యాబులో వెండిని కంటికి ఆనని నలుసులుగా చేసి, పేస్టుగా కలిపి, దానితో లోహాలు అతికేవాళ్లం. మామూలు వెండి కరగాలంటే కొలిమి మండాలి. ఈ నలుసులు రొట్టెల పెనమంత వేడికే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చిన్న సిరంజిలో కొంచెం వెంట తెచ్చుకున్నాను (సారును అడిగే తెచ్చాను, ఆ ఒక్క పాపం లేదు). అత్త విరిగిన కడియం పట్టుకుని బజారుకు బయలుదేరితే నేనూ వెళ్లాను. మా అవ్వ గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే. మర్నాడు కూతురి సీమంతానికి వేసుకోవాలని ఆశ.

దుకాణంలో టంకం మామ (ఊరందరికీ ఆయన మామే) కడియాన్ని చింతపండుతో తోమబోతుంటే ఆపాను. "మామా, ఇంక నీ ఊదుగొట్టం అటక మీద పెట్టుకో. కొలిమి లేకుండా నేను అతికిస్తా" అన్నాను. బెంచీ మీదున్న నలుగురూ నవ్వారు. మామ నవ్వలేదు. "జిడ్డన్నా కడుగు అల్లుడా" అన్నాడు. "అవన్నీ పాతకాలం మామా" అనేసి వచ్చాను.

ఇంట్లో అత్త రొట్టెలు కాల్చిన పెనాన్ని పొయ్యి మీదే ఉంచి, దాని మీద కడియం పెట్టి, పేస్టు రాసి, అతుకు మీద పలకరాయి బరువుంచి గంటసేపు కాపలా కాశాను. అత్త తొంగి చూసి, "ఏంది నాయనా, రెండో పక్క తిప్పాల్నా?" అంది.

సీమంతంలో అత్త హారతి పళ్లెంతో నాలుగడుగులు వేసిందో లేదో, కడియం ఊడి, దొర్లుకుంటూ పోయి, చాప మీద కూర్చున్న మామ కాళ్ల దగ్గర ఆగింది. పాట ఆగిపోయింది. మామ దాన్ని తీసి తుడుస్తూ, "దీనికి నా దుకాణం దారి తెలుసులే అల్లుడా" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. అత్త మాత్రం కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అప్పుడు మామ మెల్లగా, "కడిగినావా?" అనడిగాడు. తల అడ్డంగా ఊపాను. మా ల్యాబులో కడగకుండా ఏదీ ముట్టం. ఆయన చెప్పాడన్న ఒకే ఒక్క కారణంతో ఇక్కడ మానేశాను.

మర్నాడు, బెంచీ మీద ఆ నలుగురూ ఉన్న వేళ చూసి దుకాణానికి వెళ్లాను. "తప్పు నాదే మామా. నువ్వు కడగమన్నావు, నేను పొగరుతో కడగలేదు" అని అందరికీ వినపడేలా చెప్పాను. మామ తలెత్తకుండా, "సరే, ఆ పట్టకారు ఇట్లియ్యి" అన్నాడు. సాయంత్రానికి కడియం అత్త కాలికి చేరింది. సెలవులు అయ్యేదాకా రోజూ వెళ్లి, దుకాణానికి వచ్చిన ప్రతి వెండి ముక్కనూ నేనే తోమాను. ఎవరీ పిల్లోడని అడిగినవాళ్లకు మామ, "మా అల్లుడు. ఎంటెక్కు. ఇప్పటికి తోమడం దాకా వచ్చినాడు" అని గర్వంగానే చెప్పేవాడు. అప్పటి నా మొహం తలచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం జాలి కూడా.