పొటాషియం లెక్క తేలని వానాకాలం

రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయనగా, ఒక వానాకాలం మొదట్లో, మఠంపల్లి దగ్గర నేను చీఫ్ కెమిస్టుగా ఉన్న సిమెంట్ ఫ్యాక్టరీలో న్యూట్రాన్ ఎనలైజర్ పెట్టారు. సున్నపురాయి, మట్టి కలిసి వెళ్లే బెల్టు చుట్టూ అమర్చిన పెద్ద పెట్టె అది. అందులోంచి వచ్చే న్యూట్రాన్లు రాయిలోని పరమాణువుల్లోకి చొరబడతాయి. న్యూట్రాన్‌ను మింగిన కేంద్రకం వెంటనే గామా కిరణాలు వదులుతుంది. పొటాషియం వదిలే కిరణాలు వేరు, కాల్షియం వదిలేవి వేరు. వాటిని లెక్కబెట్టి ఏది ఎంత ఉందో మిషన్ నిమిషనిమిషానికీ చెబుతుంది.

నా కన్నంతా పొటాషియం మీదే. అది మోతాదు మించితే కిల్న్, అంటే రాయిని కాల్చే పెద్ద కొలిమి, వేడికి ఆవిరై, పైకెళ్లి, గోడలకు పట్టేస్తుంది. దారి పూడుకుపోతే కిల్న్ ఆపడం తప్ప గతి లేదు.

రెండో వారానికే పేచీ మొదలైంది. మిషన్ పొటాషియం తక్కువంటుంది, మా ల్యాబు ఎక్కువంటుంది. ఎంత పొటాషియం ఉందో ముందే తెలిసిన దిమ్మెలను ఆపిన బెల్టు మీద పెట్టి చూశాం. మిషన్ సరిగ్గానే చెప్పింది. అయితే తప్పు శాంపిలుదేనని ప్లాంటు మేనేజరు తేల్చేశారు. ల్యాబు పరీక్షకు బెల్టు మీది రాయి శాంపిలు తీసేది సైదమ్మ, చిలుకూరు నుంచి వచ్చే కాంట్రాక్టు కూలీ. సోమవారం నుంచి ఆమెను రావద్దని చెప్పే పని కూడా నాకే అప్పగించారు.

"మీరు నేర్పిన తీరే తీస్తున్న సార్. నా చేతుల తప్పుంటే నేనే పోత," అంది సైదమ్మ.

నేర్పింది నేనే కాబట్టి నాకు కోపం వచ్చింది. శనివారం దాకా గడువడిగాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ల్యాబులో నా గురించి అనుకునేవారు, ఊరికే అనలేదు.

పాత రిపోర్టులన్నీ ముందేసుకున్నాను. పొటాషియం పెరిగినప్పుడల్లా క్లోరైడు కూడా పెరిగింది. మా మట్టిలోని పొటాషియం క్లోరైడును వెంటబెట్టుకు రాదు. ఎక్కడో ఉప్పు లాంటిదేదో కలుస్తోంది.

మర్నాడు సైదమ్మ వెంటే నడిచాను. బెల్టు ఆపగానే ఇనప ఫ్రేము దించి, దాని మధ్యనున్న రాయంతా నలుసు వదలకుండా బ్రష్షుతో ఊడ్చి ఎత్తింది. చూస్తే ముచ్చటేసింది. ఆ తడి శాంపిలును రెండు భాగాలు చేశాను. ఒకటి స్టీలు ట్రేలో నేను ఆరబెట్టాను. రెండోది ఆమె రోజూలాగే షెడ్డులో సంచి పట్టా మీద ఆరబోసింది. ట్రేలోది మిషన్ లెక్కతో కలిసింది, సంచి మీదిది కలవలేదు. సంచి తిరగేశాను. వెనకవైపు వెలిసిన అక్షరాలు: పొటాష్. పొటాషియం, క్లోరైడు కలిసిన ఉప్పే ఆ ఎరువు; సంచిలో మిగిలింది తడి శాంపిలుకు అంటుకుంటోంది.

ఎరువు సంచులు ఎవరు తెచ్చారని గద్దించాను.

"మీరు తెచ్చిచ్చినయే గద సార్. ఏములపల్లి పొలం కాడికెల్లి తెచ్చిన అన్నరు."

నిజమే. వానలు మొదలై ట్రేలు చాలకపోతే, మా వరికి వేయగా మిగిలిన ఖాళీ పొటాష్ సంచులను ఒక్కసారి జాడించి, గొప్ప ఉపాయం చేసినట్టు కారు డిక్కీలో వేసుకొచ్చింది నేనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాను.

రిపోర్టులో కారణం దగ్గర "చీఫ్ కెమిస్టు తెచ్చిన ఎరువు సంచులు" అని రాశాను. "ఎరువు సంచులు" అంటే చాలదా అన్నారు మేనేజరు. చాలదన్నాను.

సోమవారం సైదమ్మ ఎప్పటిలాగే డ్యూటీకి వచ్చింది. ఇగ దేంట్ల ఆరబొయ్యాలె అని అడిగింది. కొత్త ట్రేలు చూపించాను.

రెండు కొలతలు పొసగనప్పుడు శాంపిలును తాకిన ప్రతి వస్తువునూ పరీక్షించాలి. అందులో మనం తెచ్చిన వాటిని ముందు పరీక్షించాలి. నేను వాటిని ఆఖరున చూశాను.