జాజు అంటిన ఉన్ని

చిరుతపులి ఏం తిని బతుకుతుందో తెలుసుకోవాలని 1962లో ఇద్దరు ప్రొఫెసర్లు కోహీర్ గుట్టలకు వచ్చారు. ఒకరిది హైదరాబాదు, ఇంకొకరిది పరదేశం. పులి మలం ఎండినది ఏరి, దొరికిన చోటు చెప్పి వారికివ్వడం గొర్రెల కాపరి గుండయ్య పని.

ఆ చలికాలం ఊళ్లో మిగతావాళ్ల మందల నుంచి నాలుగు గొర్రెలను పులి ఎత్తుకుపోయింది.

"పులి పియ్యి ఏరేటోని మందను పులి ముడుతదా? చుట్టమాయె!" అన్నాడు తోటి కాపరి బస్వరాజ్. "రేపటి సంది నీ మంద మా మందలల్ల కలవొద్దు."

ఒంటరి మందను కాయడం ముసలి గుండయ్య వల్ల కాదు.

సాయంత్రం ఏరిన మలంలో ఉన్ని కనబడింది. దానికి ఎర్రని జాజుమన్ను అంటి ఉంది. ఒక్కో మందకు ఒక్కో గుర్తు, జాజు గుండయ్యది. తప్పిపోయిందనుకున్న తన పొట్టేలే! ఆ ఉన్ని పట్టుకొని కాపరులు కూర్చున్న చోటికి పరుగున వెళ్లాడు.

"నాది గూడ తిన్నది బస్వరాజూ, జర సూడు."

"నువ్వే పులికి మేపినవేమో," అని అతడు మొహం తిప్పుకున్నాడు. మిగతావాళ్లూ లేచి వెళ్లిపోయారు.

మర్నాడు గుండయ్య మంద ఒక్కటే గుట్ట దారి పట్టింది. బస్వరాజ్ తల్లి హనుమమ్మ ఎదురొచ్చి, అతని గొంగడిలో రెండు జొన్నరొట్టెలు పెట్టింది. ఆ చేతిని దేవుడు చల్లగా చూడాలి. గుండయ్య ఉన్నిని కాగితంలో మడిచి, ప్రొఫెసర్ల కోసం రొట్టెల పక్కనే దాచుకున్నాడు.