సూర్యం తిథుల సైటు

ఒకడు చుట్టిన మోటారును ఇంకొకడు విప్పి బాగుచేశాక, అది ఎవరి పనితనం?

సూర్యం హిందీ ఊరైన గమ్హరియాలో ముప్పయ్యేళ్లు కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టాడు. తండ్రి తద్దినం మాత్రం మూడేళ్లపాటు నెల ముందే పెట్టేశాడు. సాక్చి బజారు దుకాణాలవాళ్లిచ్చే హిందీ క్యాలెండరు చూసి చేసిన తప్పది. వాళ్ల నెల బహుళపక్షంతో మొదలవుతుంది, మనది దానితో ముగుస్తుంది. సంగతి ఆలస్యంగా తెలిసింది. ఆ తర్వాత పుస్తకాలు కొని, పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాష సొంతంగా నేర్చుకుని, తెలుగు తిథులు చూపే సైటు రాశాడు. పన్నెండేళ్లుగా భుయ్యాడీహ్ బస్తీ తెలుగువాళ్లు దాన్ని చూసే తద్దినాలు పెడుతున్నారు.

ఈ జూలైలో, ఆ సైటును ఉంచిన కంపెనీ నుంచి కబురొచ్చింది. పాత పీహెచ్‌పీ నెలాఖరుకి ఆగిపోతుంది, కొత్తదానికి మారండని.

సూర్యానికి వదిన వరసయ్యే నూకమ్మ మనవరాలు హిమబిందు ఇంట్లో కూర్చునే సైట్ల పని చేస్తుంది. సూర్యం అక్కడికి వెళ్లాడు. పాస్‌వర్డ్ చీటీని అరచేత్తో కప్పుకుని, ఒక్కో అక్షరం తనే కొట్టాడు.

"చోరీ నహీ కరూంగీ, దొంగిలించనులే తాతా!" నవ్వింది హిమబిందు.

ముందు సైటుకు నకలు తీసి పెట్టుకుంది. తర్వాత పీహెచ్‌పీ ఐదో వెర్షన్ తీసేసి ఎనిమిది పెట్టింది. తెరిస్తే తెల్లటి తెర, అక్షరం లేదు.

"మీ అప్పలసూరన్న తద్దినం గోడ మీది హిందీ క్యాలెండరు సూసి మంగళారమని పంతులికి సెప్పీసినాను. ఓపాలి నీ సైటులో సూద్దామనుకుంటే ఇదేటయ్యా, ఉన్నదీ పోగొట్టీసినావు!" అంది నూకమ్మ.

"ఉండు వదినా. పాతదానికి తిప్పీగలవా అమ్మా?"

"తిప్పొచ్చు. లేకిన్ నెలాఖరుకి ఫిర్ యహీ, మళ్లీ ఇదే."

తను చుట్టిన మోటారును ఇంకొకరి చేత ముట్టనివ్వని మనిషి సూర్యం. గోడ మీది క్యాలెండరులో నెలాఖరుకి ఎన్ని రోజులున్నాయో వేలితో లెక్కపెట్టాడు.

"అయితే విప్పు," అన్నాడు.

సూర్యం వాడిన పాత ఆదేశాలు కొన్ని కొత్త వెర్షన్‌లో లేవు. హిమబిందు ఒక్కొక్కటే వెతికి మార్చింది. ముందు సూర్యం తండ్రి తిథి కొట్టి చూశారు, సరిగ్గా వచ్చింది. తర్వాత నూకమ్మ భర్త అప్పలసూరిది. క్యాలెండరు చెప్పినట్టు ఈ నెల కాదు, ఆగస్టు!

"మరి ఇందాక తెర తెల్లగా అయిపోయింది, నా రాతలో తప్పేటమ్మా?" అన్నాడు సూర్యం.

"గలత్ నహీ, తాతా. పాతబడింది, బస్."

నూకమ్మ అప్పటికే ఫోనందుకుంది. "పంతులుగారో! మంగళారం కాదండి, వొచ్చే నెలట!" హిమబిందు మళ్లీ తెర మీదికి వంగింది.

సూర్యం పాస్‌వర్డ్ చీటీ మడత విప్పి, ఆమెకు కనబడేలా కీబోర్డు పక్కన పెట్టాడు. ఆమె పనికి చప్పుడు అడ్డు రాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని, గుమ్మం దాటాక తొడుక్కున్నాడు.