కాక చేసిన కాలికట్లు

పోయిన శుక్రవారం పొద్దున మా సందు చివర కాక కొలిమి వెలగలేదు. ఏమైందోనని వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన భార్య, మా చిన్నమ్మ, గడప మీద కూర్చుని ఉంది. “మీ కాక లేస్తలేడు బిడ్డా” అంది. నిద్రలోనే పోయాడు.

ఆయన మాకు రక్తసంబంధి కాదు. పత్తర్‌గట్టి వెనక సందులో పక్కింటాయన. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి చిన్నాయన వరసలో కాకే. ఊరందరికీ తలుపు గొళ్లాలు, బండి చక్రాల పట్టాలు చేసేవాడు. నాకు మాత్రం నడక ఇచ్చాడు.

నాలుగేళ్లప్పుడు జ్వరం వచ్చి నా ఎడమ కాలు చచ్చుబడింది. దవాఖానాలో ఎవరికో ఉన్న కట్టును చూసి వచ్చి, కాక ఉక్కుతో అలాంటిదే చేశాడు. తొడ నుంచి మడమ దాకా రెండు వైపులా పట్టీలు, బూటులోకి దిగేచోట ఒక వంపు, బిగించడానికి తోలు పట్టాలు. నేను ఎదిగినప్పుడల్లా పెద్దది చేసేవాడు. నడిచేదాన్నే గానీ, బడి చేరేసరికి ఆ బరువుకు నడుము పడిపోయేది.

యుద్ధం రోజుల్లో బేగంబజార్ తుక్కు దుకాణానికి విరిగిన విమానం ముక్కలు వచ్చాయి. అల్యూమినియంలో వేరే లోహాలు కలిపి చేసినవట. కాక ఒక పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“ఎట్లున్నది?”

“ఏం లేనట్లే ఉన్నది కాకా.”

“గదే నా ఫికర్. ఇంత తేలికున్నది నీ బరువు ఆపుతదో లేదో” అన్నాడు.

మొదటి ముక్కను ఉక్కులాగే కొలిమిలో పెట్టి, ఎర్రబడుతుందని చూస్తూ కూర్చున్నాడు. అది ఎర్రబడనే లేదు. పటకారుతో పట్టగానే పొడిపొడిగా రాలింది. తరువాత ఒకే కొలతతో ఉక్కు పట్టీనీ దీన్నీ పక్కపక్కన బిగించి, చివర ఒకే బరువు వేలాడదీశాడు. తూకంలో ఇది ఉక్కులో మూడో వంతు. వంగడం మాత్రం మూడింతలు. అందుకని ఒకటిన్నర రెట్ల మందంతో, వేడి చేయకుండానే వంచి కట్టు చేశాడు. అయినా పాతదానిలో సగం బరువే తూగింది.

దాంతో బడి మెట్లు ఆగకుండా ఎక్కాను. ఆ సంగతి చెబుతూ నేను నవ్వుతుంటే కాక నవ్వలేదు.

“ఇనుము ముందుగాల వంగి చెప్తది బిడ్డా. గిది చెప్పకుంటనే ఇరుగుతదేమోనని నాకు భయం. శుక్రారం శుక్రారం తెచ్చి చూపియ్యాలె.”

వెళ్తే వంపు దగ్గర కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి చల్లేవాడు. పగులుంటే దానిలో మిగిలిన నూనె సుద్దలోకి ఊరి గీతలా కనబడుతుందట. మూడు వారాలు ఏమీ కనబడలేదు. తరువాతి రెండు శుక్రవారాలు నేను వెళ్లలేదు. గీత కనబడితే మళ్లీ ఆ పాత బరువు మోయాలి కదా. పరీక్షలున్నాయని అబద్ధం చెప్పాను.

నాకు అప్పుడు తెలియదు గానీ, అదే ముక్కలోంచి అదే వంపుతో కాక ఇంకో పట్టీ చేసి దగ్గర పెట్టుకున్నాడు. పని మధ్యలో దాన్నీ ఒక ఉక్కు పట్టీనీ ఒకేలా మళ్లీ మళ్లీ వంచుతూ ఉండేవాడు. ఒక రోజు ఉక్కుది అలాగే ఉండగా, విమానం లోహం చేతిలో టక్కున విరిగింది.

చొక్కా కూడా వేసుకోకుండా బడికి పరుగెత్తాడు. మాది ఆడపిల్లల బడి, మగవాళ్లను రానివ్వరు. గేటు దగ్గర కాపలా ఆయన అడ్డుపడ్డాడు.

“జానే దో భాయ్, లోపలికి పోనియ్యి, పిల్ల పడ్తది!” అని కాక బతిమాలాడు.

అప్పుడే గంట కొట్టారు. నేను పై అంతస్తు నుంచి దిగుతున్నాను. వెనక క్లాసంతా తోసుకుంటూ వస్తోంది. గేటు నుంచి కేక వినబడింది. “బిడ్డా! ఆగు! గా కాలు మీద బరువు పెట్టకు!”

అందరూ చూస్తున్నారు. సిగ్గేసి, విననట్టు ఇంకో మెట్టు దిగాను. మళ్లీ పిలిచాడు. ఈసారి గొంతు వణికింది. కాక గొంతు వణకడం నేనెప్పుడూ వినలేదు. రెండు చేతులతో పిట్టగోడ పట్టుకుని ఉన్నచోటే కూలబడ్డాను. పిల్లలు నన్ను దాటుకుంటూ దిగిపోయారు.

టీచరమ్మ చెప్పాక ఆయనను లోపలికి వదిలారు. కట్టు విప్పి, వెంట తెచ్చిన కిరసనాయిలు గుడ్డతో వంపును రుద్ది, ఆరేలా తుడిచి, ఆమెను సుద్దముక్క అడిగి నలిపి చల్లాడు. చాలాసేపు ఏమీ లేదు. తరువాత సన్నటి నల్లగీత, సగం వెడల్పు దాకా. వేళ్లతో కొంచెం వంచాడు. రెండు ముక్కలైంది.

కాక మెట్టు మీద కూర్చుండిపోయాడు.

“తప్పు నాది కాకా. నేనే రాలే” అన్నాను, ఏడుస్తూ.

“నువ్వు పిల్లవు. గీ లోహం పెట్టినోణ్ణి నేను” అన్నాడు. సాయంత్రం మా బాపు ముందూ అదే మాట చెప్పాడు. నా అబద్ధం సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆయన స్థానంలో ఇంకొకరైతే ఆ లోహం జోలికి మళ్లీ వెళ్లేవారు కాదు. కాక నెల రోజులు కూర్చుని ఇంకో కట్టు చేశాడు. వంపు దగ్గరా మోకాలి కీలు దగ్గరా ఉక్కు, నిటారుగా ఉన్నచోట విమానం లోహం. మొదటిదాని కన్నా తేలిక, రెండోదాని కన్నా బరువు. ఆ పద్ధతిలో చేసిన కట్టుతోనే ఇప్పటికీ నడుస్తున్నాను.

దాన్ని తొడుక్కున్న తొలి రోజు కాక నా వెంట బడి దాకా వచ్చాడు. పత్తర్‌గట్టిలో ఆ వేళకు బండ్లు, జట్కాలు, మస్తు జనం. ఆయన నాకు ఎదురుగా, వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. “జరగండి భాయ్, జరగండి” అంటూ చేతులు చాపి దారి చేస్తున్నాడు. ఒకసారి జట్కా చక్రం వీపుకు రాసుకుపోయింది. అయినా తల తిప్పలేదు. ఆయన చూపు నా కాలి మీదే ఉంది.