ధార తెగకూడదు

బుఖారాలో పాత యూదుల వాడ ప్రార్థనామందిరానికి నీలం తలుపు. ఆ తలుపు లోపలి పక్కన నెలనెలా ఒక కాగితం అంటిస్తాడు పిన్హాస్. వచ్చే నెలలో ఏ రోజు ఏం కూడిక ఉంది, ఏ పనికి ఎవరు వస్తారు అన్నదే ఆ కాగితం. తెల్లవారుజాము ప్రార్థనలు, ఎవరెవరి సంవత్సరీకాలు, శ్మశానం శుభ్రం చేసే ఆదివారం, పర్ణశాలల పండగ పందిరి, ఒక్కోదానికి ఎదురుగా ఒక గీత. ఎవరి పేరు వాళ్ళే ఆ గీత మీద రాసుకోవాలి. మందిరం కొత్త అధ్యక్షుడు ఇదంతా టెలిగ్రామ్ గ్రూపులో పెట్టమని రెండేళ్ళుగా పోరుతున్నాడు. పిన్హాస్ వింటాడు, తలూపుతాడు, మళ్ళీ కాగితమే అంటిస్తాడు.

ఆ ఏడు, పండగలకి ముందొచ్చే ఎలూల్ నెలలో అంటించిన కాగితం రెండు రోజుల్లోనే నిండిపోయింది. పులావు వండటానికి ఐదుగురు, పందిరి కట్టడానికి ఏడుగురు. పండగ మర్నాడు గిన్నెలు తోమడానికి కూడా ఇద్దరు దొరికారంటే మామూలు విషయం కాదు. అన్నిటికంటే అడుగున, పిన్హాస్ కావాలనే చిన్న అక్షరాలతో రాసిన వరుస ఒకటుంది: ఆడవాళ్ళ కడసారి స్నానం. దానికెదురుగా ఒక్కటే పేరు, బులోర్.

"ఏం పిన్హాసూ, ఈ వరుస చీమలు చదువుకోవడానికి రాశావా?" అంది బులోర్, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి.

"పెద్దగా రాస్తే జనం దడుచుకుంటున్నారక్కా. పైన పులావు, కింద శవం. మొన్న మజోల్ అది చూసి, పులావుకి కూడా పేరు రాయకుండా వెళ్ళిపోయింది."

"మజోల్ చావదా ఏం?"

"ఆ మాట నువ్వడుగు. నేనడిగితే నన్ను బతకనివ్వదు."

బులోర్ కి డెబ్బై నాలుగేళ్ళు. ముప్ఫై ఏళ్ళు జరీ కుట్టుపని ఫ్యాక్టరీలో పెళ్ళికొడుకుల అంగరఖాల మీద బంగారు పువ్వులు కుట్టింది. మొగుడు పోయి పదహారేళ్ళయింది. ముప్ఫై రెండో ఏట అత్తగారు చెయ్యి పట్టుకుని శ్మశానం పక్కన స్నానాల గదికి తీసుకెళ్ళింది. "చూస్తూ నుంచో. భయమేస్తే నన్ను పట్టుకో" అంది. భయమేసింది, పట్టుకుంది, కానీ బయటికి రాలేదు. ఆ రోజుల్లో ఒక ముసలమ్మ పోతే ఆరుగురు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. నాకంటే నాకని వాదులాడుకునేవాళ్ళు. ఎందుకంటే ఈ పనికి జీతం లేదు, బదులు లేదు. చచ్చిపోయిన మనిషి తిరిగి మనకేం చేయగలదు? అందుకే వాడలో దీన్ని నిజమైన దయ అంటారు. దయ గలవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి ఇద్దరు మిగిలారు, బులోర్, ఇస్తాం.

కనీసం ఇద్దరు లేకపోతే ఈ పని సాగదు. ఒళ్ళు కడగడం ఒక్కరైనా చేయొచ్చు. కడిగాక, పోయిన మనిషి తల నుంచి పాదాల దాకా మూడు బకెట్ల నీళ్ళు వరసగా పోయాలి. మొదటి బకెట్ ఖాళీ కాకముందే రెండోది మొదలవాలి, రెండోది ఆగకముందే మూడోది. మధ్యలో ధార తెగకూడదు. తెగితే మళ్ళీ మొదటి నుంచి పోయాలి. గొట్టం పెట్టి కుళాయి తిప్పేస్తే కుదరదు, మనిషి చేత్తోనే పోయాలి. నలభై ఏళ్ళలో బులోర్, ఇస్తాంల ధార ఒక్కసారీ తెగలేదు.

ఇస్తాం నోరు చెడ్డది, చెయ్యి మంచిది. ఫ్యాక్టరీలో పక్కపక్క పీటలు, వాడలో ఎదురెదురు గుమ్మాలు. ఎవరు ముందు పోతే రెండోవాళ్ళు కడగాలని ఎప్పుడో ఒప్పందం చేసుకున్నారు.

"అందుకని ముందు పోయినదే గెలిచినట్టు" అనేది ఇస్తాం. "వెనకాల మిగిలినదానికి దిక్కెవరే?"

"నన్ను గెలవనివ్వకూడదా ఒక్కసారైనా?" అనేది బులోర్.

వసంతంలో ఇస్తాం మెట్టు జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎండలు ముదిరేసరికి మంచం దిగడం మానేసింది. నేరేడు పండు రంగుకి తిరిగిన పెదాలతో నవ్వి, "నేనే గెలుస్తున్నానే" అంది. "ధార తెంపావో, అక్కణ్ణుంచి లేచొచ్చి తంతాను."

ఆ నవ్వు చూసి ఇంటికొచ్చి, బులోర్ నీళ్ళగది తలుపేసుకుని ఏడ్చింది. స్నేహితురాలు పోతుందని కాదు, పోవడం అందరికీ ఉన్నదే. ఇంకో రెండు చేతులు లేకుండా ఆవిడ పోతుందేమోనని ఏడ్చింది.

మర్నాటి నుంచి గుమ్మం గుమ్మం ఎక్కింది. మజోల్ మోకాళ్ళ నొప్పులన్నది. ఇంకొకావిడ మొగుడు, ఆ చేతులతో వచ్చి తనకి టీ ఇస్తావా అన్నాడట. మరొకావిడ, సమర్ కండ్ నుంచి ఎవరినైనా పిలిపిద్దామని తేల్చేసింది, అక్కడున్న ఒక్కగానొక్క మనిషికి ఎనభై దాటాయని తెలిసి కూడా. అందరూ టీ ఇచ్చారు, పళ్ళెంలో బాదం పప్పులు పెట్టారు, బులోర్ చేసే పని ఎంత గొప్పదో చెప్పారు. గొప్పదని చెప్పి తలుపేసుకున్నారు.

రెండో శనివారం సబ్బాతు దాటాక చూస్తే, చిన్న అక్షరాల వరుసలో ఇంకో పేరు కనిపించింది. రేనా. మందుల షాపులో పనిచేసే పిల్ల. పిల్ల అంటే ముప్ఫై ఎనిమిదేళ్ళు, పెళ్ళై పన్నెండేళ్ళు, సంతానం లేదు. బులోర్ కాగితం ముందు నిలబడి ఆ పేరు మూడుసార్లు చదువుకుంది.

"నిన్నెవరైనా బలవంతపెట్టారా?" అని అడిగింది.

"లేదు పిన్నీ. ఇస్తాం పిన్ని చిన్నప్పుడు నాకు జడలేసేది. నలభై జడలు. కదిలితే దువ్వెనతో కొట్టేది." రేనా కాగితం మీద తన పేరు వైపు చూసింది. "భయంగానే ఉంది."

"భయం లేనిదాన్ని నేనూ రానివ్వను."

బులోర్ పెరట్లో, ద్రాక్ష పందిరి కింద చెక్క మంచం మీద బొంతని మనిషంత పొడుగున చుట్టి పడుకోబెట్టారు. మూడు బకెట్లు నింపారు. బులోర్ మొదటిది పోస్తుంది, రేనా రెండోది అందుకుంటుంది, ఆలోపు బులోర్ మూడోది ఎత్తాలి.

"తెగింది. మళ్ళీ."

"చుక్కలు పడుతూనే ఉన్నాయి కదా పిన్నీ."

"చుక్కలు ధార కాదు. ఇస్తాం చూస్తే నిన్నూ నన్నూ కలిపి తిడుతుంది. మళ్ళీ."

బొంత రోజూ తడిసి, రోజూ గోడ మీద ఆరింది. పక్కింటి ఉజ్బెక్ ఆవిడ తొంగిచూసి, పక్క తడిపే చంటిపిల్లలెవరైనా వచ్చారా అంది. రేనా నవ్వీ నవ్వీ బకెట్ ఒళ్ళో ఒంపుకుంది. ఎనిమిదో రోజున మూడు బకెట్లూ ఒకే ధారగా బొంత మీంచి కిందికి జారాయి. ఆ రాత్రి బులోర్ కి వసంతం తర్వాత మొదటిసారి నిద్ర పట్టింది.

ఇస్తాంకి వెళ్ళి చెప్పింది.

"ఆ పిల్ల చేతులు చల్లగా ఉంటాయా?" అంది ఇస్తాం.

"నీకేం తెలుస్తుందే అప్పటికి?"

"తెలిస్తే ఏం చేయను? అందుకే అడుగుతున్నా." కళ్ళు మూసుకుంది. "సరే. ఇక పోవచ్చన్నమాట."

యూదుల కొత్త సంవత్సరం పండగ దాటింది. ప్రాయశ్చిత్త దినం ఇంకా రాలేదు. ఆ నడిమి శుక్రవారం పొద్దున్న ఇస్తాం పోయింది. ఆ సాయంత్రం పొద్దుగుంకి సబ్బాతు మొదలయ్యేలోపు మట్టి చేయాలి. బులోర్ రేనాకి ఫోన్ చేసింది, ఎత్తలేదు. షాపులో రద్దీ ఉంటుంది, కబురు అందే ఉంటుంది, వచ్చేస్తుందనుకుని స్నానాల గదికి ముందే వెళ్ళింది. బల్ల కడిగింది. బకెట్లు నింపింది. తెల్లబట్ట మడతలు విప్పింది.

రేనా వచ్చింది. శ్మశానం గేటు బయటే ఆగిపోయింది.

"అక్కడే నిలబడ్డావేం? పొద్దెక్కిపోతోంది, రా."

"పిన్నీ, నేను లోపలికి రాకూడదు."

"రాకూడదేంటి? ఎవరన్నారు? మీ ఆయనా? మీ ఆయన సంగతి నేను చూస్తాను, నువ్వు రా."

రేనా రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. అప్పుడు కానీ బులోర్ కి అర్థం కాలేదు.

"ఎన్నో నెల?"

"రెండు దాటింది. మొన్న బుధవారమే డాక్టరు చెప్పింది. పండగలయ్యాక అందరికీ చెబుదామనుకున్నాం." ముక్కు తుడుచుకుంది. "మీరు రమ్మంటే వస్తాను పిన్నీ. నేను మాటిచ్చాను. నిజంగా వస్తాను."

కడుపుతో ఉన్న మనిషి శ్మశానంలో అడుగు పెట్టదు, శవాన్ని చూడదు. బులోర్ అమ్మమ్మ నాటి నుంచీ ఉన్న కట్టుబాటు అది. ఈ పిల్ల కడుపు పండాలని పన్నెండేళ్ళుగా ప్రతి పండగకీ దీపం పెట్టి వేడుకున్నదీ బులోరే. వాడలో ఒక పసిపిల్ల ఏడుపు వినిపించి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడా వరం వచ్చి గేటు బయట నిలబడింది. బులోర్ కి సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది. ఇంకా చెయ్యీ కాలూ రాని ఆ పసిగుడ్డు మీద, ఒక్క నెల ఆగలేకపోయావా అని కోపం వచ్చింది. ఆ కోపానికి తనే సిగ్గుపడింది.

"ఇంటికి పో" అంది. "వెనక్కి చూడకు. బరువులెత్తకు."

"మరి మీరు?"

"చెప్పానుగా, పో."

ప్రార్థనామందిరం పదినిమిషాల నడక. పెరట్లో ఐదుగురు ఆడవాళ్ళు సబ్బాతు పులావుకి క్యారట్లు తరుగుతున్నారు. ఇస్తాం పోయిందని అందరికీ తెలుసు, అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. బులోర్ వాళ్ళ మధ్య నిలబడింది.

"రెండు చేతులు కావాలి" అంది. "కడగక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు. ఒక్క బకెట్ నీళ్ళు పోయాలి, అంతే. కావాలంటే కళ్ళు మూసుకోండి."

కత్తులు ఆగాయి. ఎవరూ తలెత్తలేదు.

"నా మోకాళ్ళు నీకు తెలుసు కదే" అంది మజోల్.

"మోకాళ్ళతో పోస్తావా నీళ్ళు?"

మజోల్ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నా వల్ల కాదు బులోర్. చిన్నప్పుడు మా అమ్మని చూశాను. ఇప్పటికీ కలలోకి వస్తుంది. నన్ను అడగకు. ఇస్తాం ఏడో రోజు భోజనాలు మొత్తం నేను చూసుకుంటాను. నా పేరు రాసెయ్యమను."

"నేనూ" అంది పక్కావిడ. "సలాడ్లు నావి."

పిన్హాస్ గుమ్మంలో నిలబడి టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. మగవాడు, ఆడమనిషి స్నానానికి పనికిరాడు. బులోర్ అతని వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

ఒక్కతే వెనక్కి వెళ్ళింది. ఇస్తాం జుట్టు విప్పింది, గోళ్ళ సందులు తుడిచింది, గోరువెచ్చని నీళ్ళతో కుడిపక్క, తర్వాత ఎడమపక్క కడిగింది. ఇంతవరకూ చేతులు వాటంతటవే పనిచేశాయి. తర్వాత మూడు బకెట్లనీ బల్ల పక్కన వరసగా పెట్టి, కుడిచేత్తో మొదటిది ఎత్తింది. అది సగమయ్యేసరికి ఎడమచేత్తో రెండోది ఎత్తింది. ధార ఆగలేదు. ఖాళీ బకెట్ కింద పడేసి, మూడోదాని కోసం వంగింది. వంగేసరికి ఎడమచెయ్యి వాలింది, నీళ్ళు నేలపాలయ్యాయి.

తెగింది. మళ్ళీ.

మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళి నింపుకొచ్చింది. ఈసారి మూడో బకెట్ ని ముక్కాలి పీట మీద ఎత్తుగా పెట్టుకుంది. చెయ్యి అందింది కానీ లేవలేదు. మళ్ళీ నింపుకొచ్చింది. మూడోసారి రెండో బకెట్ దగ్గరే భుజం పట్టేసింది. కిటికీలో ఎండ గోడ మీదికి పాకింది. బయట మగవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి, టైమవుతోందని ఎవరో అంటున్నారు.

నాలుగోసారి ఒక బకెట్ పోసింది, కింద పెట్టింది. రెండోది పోసింది, కింద పెట్టింది. ఊపిరి తీసుకుని మూడోది పోసింది. మధ్యలో రెండుసార్లు గదిలో నీళ్ళ చప్పుడు లేదు. నలభై రెండేళ్ళలో ఆ గదిలో ఆ నిశ్శబ్దం ఆవిడ వినలేదు.

తెల్లబట్ట కట్టాక, పోయిన మనిషిని తల్లి పేరు చేర్చి పిలిచి క్షమించమని అడగడం ఆచారం. తెలిసో తెలియకో తప్పు జరిగి ఉంటే క్షమించమని అడుగుతారు. ఇన్నేళ్ళూ ఆ మాటలు అలవాటుగా అనేది. ఆ రోజు బల్ల అంచు పట్టుకుని, చెవి దగ్గరికి వంగి అడిగింది.

"ఇస్తాం, మల్కో కూతురా. తెలిసే చేశాను. తెంపేశాను. లేచొచ్చి తన్నవే."

ఇస్తాం లేవలేదు. బులోర్ బల్ల వదిలి తలుపు తీసింది.

బయట పిన్హాస్ అడిగాడు. "అంతా సరిగ్గా జరిగిందా అక్కా?"

"జరిగింది" అంది. ఆ గుమ్మంలో నిలబడి ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అదే.

తర్వాతి నెల కాగితం అంటించాడు పిన్హాస్. ఇస్తాం ముప్ఫయ్యో రోజు కూడిక పైనే ఉంది. పులావుకి, చేపల వేపుడికి, రొట్టెలకి, కీర్తనలు చదవడానికి, కుర్చీలు మోయడానికి జనం ఎగబడి రాశారు. ఇస్తాం అంటే అందరికీ ప్రాణమే. గీతలు చాలక, పిన్హాస్ అడుగున ఇంకో కాగితం ముక్క అతికించాడు. మజోల్ దాని మీద మొదటి పేరు తనదే రాసింది.

సబ్బాతు ముందు రోజు బులోర్ వచ్చి, కళ్ళద్దాలు జార్చి చదివింది. చిన్న అక్షరాల వరుస కనిపించలేదు. అతుకు ముక్క సరిగ్గా దాని మీదే పడింది. మూల కాస్త లేచి ఉంది. గోరు పెట్టి ఎత్తితే వచ్చేస్తుంది. గోరు పెట్టింది కూడా.

దాని కింద ఉన్నది, కాగితం అంటించిన రోజే తను రాసుకున్న తన పేరొక్కటే. రేపు తను పోతే, ఆ పేరు గలావిడ వచ్చి తనని కడగలేదు.

వేలు తీసేసి, ఆ మూలని బొటనవేలితో అదిమి అంటించింది. క్యారట్లు తరిగేవాళ్ళ పక్కన ఒక పీట ఖాళీగా ఉంటే వెళ్ళి కూర్చుంది. మజోల్ మాట్లాడకుండా ఆవిడకి ఒక కత్తి అందించింది.