ఉదయగిరి కోటలో ఒక బిందెడు నీళ్ళు

నా చిన్నప్పుడు మాకు ఎత్తు అంటే కాలవ గట్టే. కోవూరు పక్కన వరిపొలాల మధ్య పల్లె మాది, ఎటు చూసినా చదునే. అందుకే మా బడి అయ్యవారు ఉదయగిరి కొండమీది కోట చూపిస్తానన్న రోజు పిల్లలెవరమూ సరిగా అన్నం తినలేదు. ఇది యాభైల చివరి మాట.

ప్రతిదీ లెక్కపెట్టి రాసుకునే అలవాటు నాకు అప్పటికే ఉంది. పిల్లలం పన్నెండు మందిమి, అయ్యవారితో పదమూడు. పులిహోర పొట్లాలు పదమూడు. ముందురోజు బస్సులో ఉదయగిరి చేరి అక్కడి బడిలో పడుకున్నాం. కొండపైన కోనేరు ఉంది కానీ పాచి నీళ్ళు, తాగకూడదు. అందుకని తెల్లవారగానే అయ్యవారు దిగువ వీధిలో ఉండే ఒక పెద్దామెను ఇత్తడి బిందెతో నీళ్ళు మోసుకు రమ్మని కుదిర్చారు. నీళ్ళ పెత్తనం నాకిచ్చారు. గ్లాసుతో కొలిచి పోయించాను, నలభై రెండు పట్టాయి. మనిషికి మూడు చొప్పున ముప్పై తొమ్మిది, పైన మూడు మిగులు. ఒక పుల్లను బిందెలో ముంచి, తడి వచ్చినంత మేర బ్లేడుతో గాటు పెట్టుకున్నాను.

ఎక్కుతుంటే ఒక గోడ దాటగానే ఇంకో గోడ వచ్చేది. మేం నాలుగుసార్లు కూలబడ్డాం. ఆమె బిందె దించితే మళ్ళీ ఎత్తుకోవడం కష్టమని నిలబడే ఆగేది. పైకి చేరగానే నేను చేసిన మొదటి పని పుల్ల ముంచి చూడటం. రెండు గ్లాసులు తగ్గాయి. దారిలో తాగినావా అని అందరి ముందే ఆమెను అడిగాను. ఆమె బిందె కింద నెత్తిన పెట్టుకున్న గుడ్డ చుట్టకుదురు తీసి, దాంతోనే మొహం తుడుచుకుంది.

"కొండెక్కేటప్పుడు తొణకదా అబ్బయా? నెత్తిన పెట్టుకోని ఎక్కి చూడు, నీకే తెలస్తాది."

పిల్లలు నవ్వారు. నేను పుస్తకంలో 'తరుగు, రెండు గ్లాసులు' అని రాసుకున్నాను.

విరిగిన గోడ నీడలో కూర్చోబెట్టి అయ్యవారు కోట కథ చెప్పారు. ఒకప్పుడు పెద్ద సేన వచ్చి ఈ కొండ చుట్టూ నెలల తరబడి దిగిందట. ఇంత నిటారు కొండ ఎక్కి గెలవడం కష్టమని, లోపలికి గింజ పోకుండా దారులన్నీ మూసేసిందట. ఈ పూట ముట్టడిలో ఉన్నది మనమే అన్నారు ఆయన. ఎదురుగా ఉన్న బండను గోడ నీడ తాకేదాకా ఎవరూ కొండ దిగకూడదు. ఉన్నవి ఈ బిందెడు నీళ్ళే. అడిగితే ఇవ్వకూడదు, వంతు వచ్చినప్పుడే ఇవ్వాలి. కోటకు అధిపతిని నేను.

నా పరిపాలన గట్టిగానే సాగింది. ఒకడు అరగ్లాసుకు నెమలీక ఇస్తానన్నాడు. కుదరదన్నాను. నీకంటే ముట్టడేసినోడే నయం రా అని తిట్టిపోయాడు. రెండు వంతులు పూర్తయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బిందెలో పద్నాలుగు గ్లాసులున్నాయి. పదమూడు మా వంతు, ఒకటి మిగులు. లెక్క కుదిరిందని లోలోపల పొంగిపోయాను.

అప్పుడు అయ్యవారు జాబితా పైకి చదవమన్నారు. పదమూడు పేర్లూ చదివాను. కోటలో ఇంకెవరూ లేరా అని అడిగారు. లేరన్నాను. ఆయన కోట వాకిలి వైపు చూశారు.

వాకిలి రాతిమీద ఆమె కూర్చుని ఉంది. తలమీద కొంగు, ఒళ్ళో చుట్టకుదురు. పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. పొద్దుటినుంచీ ఆమె చుక్క నీళ్ళు తాగలేదు. పొట్లాల లెక్కలోనూ ఆమె లేదు. అడగొచ్చు గదమ్మా అన్నారు అయ్యవారు.

"అడిగితే ఇయ్యగూడదని మీరే అంటిరి గదయ్యా. పిల్లకాయల ఆట చెడగొట్టేదెందుకని కూచున్నా."

అయ్యవారు నన్ను తిట్టలేదు. పుస్తకం వైపు చూపించి మెల్లగా అన్నారు. "ఈ కోట కట్టినోళ్ళ పేర్లుండాయి, పట్టుకున్నోళ్ళ పేర్లుండాయి. పైకి నీళ్ళు మోసినోళ్ళ పేర్లు లేవు. నీబోటి లెక్కలాయనే ఎవురో అప్పుడూ రాసుంటాడు."

నేను బిందె ఎత్తుకుని వాకిలి దాకా నడిచాను. పది అడుగులకే తొణికి నా చొక్కా తడిసింది. మిగులు గ్లాసు ఇచ్చాను, గుక్క తిప్పుకోకుండా తాగింది. నా వంతు ఇచ్చాను, మెల్లగా తాగింది. నా పొట్లం విప్పి ముందు పెట్టాను. అయ్యవారు తన గ్లాసు చాపితే మాత్రం తీసుకోలేదు. కథ చెప్పి చెప్పి గొంతెండి ఉంటాది, మీరే తాగండన్నది. తర్వాత ఆమె పేరు అడిగి పద్నాలుగో అంకె వేసి రాశాను. 'తరుగు' కొట్టేసి 'తొణికినవి' అని దిద్దాను.

ఆ పేరు నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాత పాలిటెక్నిక్‌లో చేరి కొలతల చదువే చదివాను. ఇప్పుడు కాలవల సర్వే నా పని. బయల్దేరే ముందు జాబితా రాస్తాను. గొలుసు, జెండాలు, మేకులు, మనుషులు. మనుషుల్లో మొదటి పేరు నీళ్ళు మోసే మనిషిది. బిందె దించగానే మొదటి గ్లాసు కూడా ఆ మనిషికే పోస్తాను.