సలోమి గారి పిడికెడు బియ్యం

పాత బియ్యం, కొత్త బియ్యం కలిసి ఉడికితే అదో రకం వాసన. నిధుల్లేక ఈడ్చుకొస్తున్న ఒక వృద్ధాశ్రమం వాళ్ళు సలహాకు పిలిస్తే మొన్న తాడేపల్లిగూడెం వెళ్ళాను. వంటగదిలోంచి ఆ వాసన రాగానే చెబుతున్న మాట మరిచిపోయాను. సంస్థలకు నిధులు కూడగట్టే ఈ పని నాకు నేర్పిన సలోమి గారు కళ్ళముందు మెదిలారు.

అప్పట్లో కొల్లేటి లంక గ్రామంలో, చేపల చెరువుల కూలీల పిల్లల కోసం ఒక ట్రస్టు నడిపే బడిలో నేను టీచర్ని. బడి బరువంతా ఒక్క దాతదే. ఆయన ఉన్నట్టుండి ఇవ్వడం మానేశారు. మా జీతాలు ఆగిపోయాయి. వేసవి సెలవుల తర్వాత బడి తెరుస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. అప్పుడే ఏలూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన సలోమి గారిని ట్రస్టు వాళ్ళు బతిమాలి తెచ్చుకున్నారు. ఆవిడ ఇంకో పెద్ద దాతను పట్టుకొస్తారని మేం కాచుకుని కూర్చుంటే, ఆవిడ వెళ్ళి పిల్లల తల్లుల మధ్య కూర్చున్నారు.

"మా చర్చి ఆడవాళ్ళం వంటకి బియ్యం తీసినప్పుడల్లా ఓ పిడికెడు దేవుడి పేరున పక్కన పెడతామండీ. మీరు బడి పేరున పెట్టండి. మధ్యాహ్నం పిల్లలే తింటారు."

నాకు ఒళ్ళు మండింది. బయటికి రాగానే అడిగేశాను.

"కూలికెళ్తేగాని పొయ్యి వెలగదండీ వాళ్ళకి. వాళ్ళనా మనం అడిగేది?"

"అడక్కపోతే ఇది ఎప్పటికీ మన బడేనమ్మా. వాళ్ళది ఎలా అవుద్ది?"

బియ్యం వచ్చాయి. ఇంటికో రకం. అన్నం కొంత చిమిడేది, కొంత పలుకుగా ఉండేది. ఆ అన్నమే తినడానికి సలోమి గారు ఒక చెరువుల ఆసామిని పిలిచారు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఇబ్బందిగా చూశాడు.

"ఏవండీ, అన్నం ఇలా ఉందేంటండీ?"

"మీ కూలీల ఇళ్ళన్నిటి బియ్యమండీ ఇవి. మీ ఇంటివి ఒక్కటే తక్కువ."

ఆయన పకపకా నవ్వాడు. విస్తరి ఖాళీ చేసేదాకా లేవలేదు. నెలనెలా ఇస్తానన్నాడు, తోటి ఆసాముల్నీ లాక్కొచ్చాడు. ఎవరైనా ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తామంటే ఆవిడ, "విసుగు లేకుండా ప్రతి నెలా ఇవ్వగలిగిందే ఇవ్వండి" అనేవారు. ఆ మొండితనం చూస్తే నాకు భయం వేసేది. కానీ మా జీతాలు వేళకు అందాయి, రెండో గది లేచింది, పక్క లంకలోనూ బడి మొదలైంది. అంత గుండె నిబ్బరం ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆవిడ పోయిన కబురు ఒక ఉదయం తెలిసింది. సెలవు ప్రకటించి ఏలూరు వెళ్దామని ఏడుస్తూనే బడికి చేరాను. అప్పటికే పిల్లలు వరుసల్లో కూర్చున్నారు, తల్లులు పొయ్యి రాజేశారు. బడి మూయడానికి తాళం తీసుకుంటుంటే ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"మీరెళ్ళి రండి మేడం గారూ. మా బడి మేం చూసుకుంటాం."

ఈనాటికీ ఏ సంస్థకు వెళ్ళినా, లెక్కలు అడగకముందే, ఆ మాట అనేవాళ్ళు అక్కడ ఉన్నారా అని వెతుక్కుంటాను.